ఆరోగ్య వ్యవస్థలు, విధానాల్లో డాక్టరేట్: ప్రశ్న దగ్గరే అసలు పరీక్ష

ఆరోగ్య రంగంలో డాక్టరేట్ అనగానే ప్రయోగశాల, మందు, రోగి గుర్తుకు రావడం సహజం. ఆరోగ్య వ్యవస్థలు, విధానాల అధ్యయనంలో ఈ మూడూ వెనక్కి జరుగుతాయి. పనిచేస్తుందని ఎన్నడో రుజువైన టీకా ఒక జిల్లాలో దాదాపు పిల్లలందరికీ అంది, అవే నిధులు, అంతే సిబ్బంది ఉన్న పక్క జిల్లాలో ఎందుకు అందలేదు? ఆసుపత్రి రుసుములు ఎత్తివేసిన దేశంలో పేద కుటుంబాల వైద్య ఖర్చు అనుకున్నంతగా ఎందుకు తగ్గలేదు? మంత్రివర్గం ఆమోదించిన పథకం కింది స్థాయి ఆరోగ్య కేంద్రానికి చేరేసరికి మరో రూపం ఎందుకు తీసుకుంది? ఈ అధ్యయనానికి ముడిసరుకు ఇలాంటి ప్రశ్నలే. ఏ జబ్బుకు ఏం చేయాలో వైద్యశాస్త్రం చెబుతుంది. ఆ పనిని ఎవరు, ఎవరి డబ్బుతో, ఏ అధికారంతో, ఎవరిని వదిలేసి చేస్తున్నారో ఈ శాస్త్రం అడుగుతుంది.

శాస్త్రంగా దీని వయసు ఎక్కువ కాదు. అందరికీ ఆరోగ్యం అందాలంటే ప్రాథమిక ఆరోగ్య సంరక్షణే దారి అని 1978లో నాటి సోవియట్ యూనియన్‌లోని అల్మా-అటాలో జరిగిన అంతర్జాతీయ సమావేశం ప్రకటించే నాటికి ఈ రంగానికి స్థిరమైన రూపం లేదు. ఆ ఆశయాలు ఆచరణలో ఎందుకు సన్నగిల్లాయన్న చర్చ, ఆ తర్వాతి రెండు దశాబ్దాల్లో ఆసుపత్రి రుసుముల చుట్టూ సాగిన వాదోపవాదాలు దీనికి పునాది వేశాయి. విధానంలో ఏం రాసి ఉందన్నది ఒక్కటే చూస్తే చాలదని, సందర్భం, ప్రక్రియ, పాత్రధారులతో కలిపి చూడాలని పరిశోధకులు గిల్ వాల్ట్, లూసీ గిల్సన్ 1994లో ప్రతిపాదించిన త్రికోణ చట్రం నేటికీ సిద్ధాంత వ్యాసాల తొలి అధ్యాయాల్లో తరచూ కనిపిస్తుంది. ఈ పరిశోధనను ప్రోత్సహించడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఛత్రం కింద 1999లో ఒక అంతర్జాతీయ కూటమి ఏర్పడింది. 2010లో స్విట్జర్లాండ్‌లోని మాంట్రోలో తొలి ప్రపంచ సదస్సు జరిగింది. ఈ మధ్యలో, 2007లో, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆరోగ్య వ్యవస్థను సేవలు, సిబ్బంది, సమాచారం, మందులూ పరికరాలూ, నిధులు, నాయకత్వం అనే ఆరు అంగాలుగా విడదీసి చూపింది. బోధనకు ఆ పటం అనుకూలమే కానీ పరిశోధనకు అంతగా పనికిరాదు. ఒక అంగంలో వచ్చిన మార్పు మరో అంగాన్ని ఎలా కదిలిస్తుందో అది చెప్పదు. రోగులు, కుటుంబాలు అందులో నేరుగా కనిపించనే కనిపించరు. దాన్ని యథాతథంగా సిద్ధాంత చట్రంగా పెట్టుకుంటే అధ్యాయాలకు పేర్లు దొరుకుతాయి గానీ వాదన దొరకదు.

ఈ రంగానికి తనదంటూ ఒకే పరిశోధన పద్ధతి లేదు. ఆర్థికశాస్త్రం, రాజనీతిశాస్త్రం, సామాజిక శాస్త్రం, మానవశాస్త్రం, సాంక్రమిక వ్యాధుల శాస్త్రం, పరిపాలనా శాస్త్రం అన్నీ ఇందులో తలో చెయ్యి వేస్తాయి. బయటి నుంచి చూసేవారికి ఇది స్వేచ్ఛలా కనిపిస్తుంది. లోపలికి వచ్చిన విద్యార్థికి మాత్రం ఇదే మొదటి చిక్కు. ఒకే అధ్యాయాన్ని చదివిన ఆర్థికవేత్త ‘పోలిక కోసం పెట్టుకున్న సమూహం ఏది’ అని అడుగుతారు. మానవశాస్త్రవేత్త ‘ఈ నర్సు ఆ మాట ఏ పరిస్థితిలో అన్నది’ అని అడుగుతారు. ఇద్దరూ అలా అడగడం న్యాయమే. ఇద్దరినీ సమానంగా మెప్పించాలని చూసిన సిద్ధాంత వ్యాసం ఎటూ కాకుండా పోతుంది. అందువల్ల ఏ శాస్త్రం మీద కాలు మోపి నిలబడాలో తొలి ఏడాదిలోనే తేల్చుకోవడం మేలు. మిగిలిన శాస్త్రాల నుంచి అరువు తెచ్చుకోవచ్చు, కానీ చిరునామా ఒకటే ఉండాలి. సర్వేకు పది ఇంటర్వ్యూలు జతచేసి మిశ్రమ పద్ధతి అని పేరు పెట్టడం ఈ రంగంలో మరీ సులువైపోయింది. ఆ పది ఇంటర్వ్యూలు సర్వే చెప్పలేని ఏ విషయాన్ని చెప్పాయన్న ప్రశ్నకు చాలాసార్లు జవాబుండదు.

పద్ధతి కన్నా ముందు తేలాల్సింది ప్రశ్న. ప్రవేశ దరఖాస్తుల్లో తరచుగా కనిపించే ప్రశ్నను ఉదాహరణగా తీసుకోవచ్చు: ‘ఆరోగ్య బీమా పేదలకు మేలు చేస్తుందా?’ దీనికి నాలుగేళ్లు కాదు, నలభై ఏళ్లు పెట్టినా ఒక్క విద్యార్థి జవాబు చెప్పలేరు. మేలు అంటే ఆరోగ్యం మెరుగుపడటమా, అప్పుల పాలు కాకుండా ఉండటమా, వైద్యుడి దగ్గరకు వెళ్లగలగడమా? అమెరికాలో 1974 నుంచి 1982 వరకు రాండ్ అనే పరిశోధన సంస్థ సాగించిన ప్రయోగం కుటుంబాలను యాదృచ్ఛికంగా వేర్వేరు బీమా పద్ధతుల్లో పెట్టి, ఖర్చులో కొంత తామే భరించాల్సి వచ్చిన కుటుంబాలు వైద్యాన్ని తక్కువగా వాడుకుంటాయని చూపింది. ఆ తగ్గుదల అవసరం లేని వైద్యంలో ఎంతగా ఉందో, అవసరమైన వైద్యంలోనూ దాదాపు అంతే ఉంది. సగటు మనిషి ఆరోగ్యంలో పెద్ద తేడా కనిపించకపోయినా, అధిక రక్తపోటు ఉన్న పేదలకు మాత్రం ఉచిత వైద్యం మేలు చేసింది. అంటే సగటు ఒక జవాబు చెబుతుంటే, ఆ సగటు లోపల దాగిన చిన్న సమూహం వేరే జవాబు చెబుతోంది.

అమెరికాలోనే ఆరెగన్ రాష్ట్రంలో 2008లో ప్రభుత్వ బీమాలో మిగిలిన కొద్ది చోట్ల కోసం సుమారు 90,000 మంది పేర్లు నమోదు చేసుకోగా, లాటరీ తీసి ఎంపిక చేశారు. పరిశోధకుల పాలిట అది కోరకుండా వచ్చిన వరం. రెండేళ్ల తర్వాత చూస్తే బీమా దక్కినవారిలో వైద్య సేవల వాడకం పెరిగింది, మధుమేహ నిర్ధారణ పెరిగింది, కుంగుబాటు తగ్గింది, ఆర్థిక ఒత్తిడి బాగా తగ్గింది. రక్తపోటు, కొలెస్ట్రాల్ వంటి కొలతల్లో మాత్రం గణాంకపరంగా నిలిచే తేడా కనిపించలేదు. బీమా దండగ అనేవారూ, బీమా తప్పనిసరి అనేవారూ ఒకే ఫలితాన్ని తమ వాదానికి వాడుకున్నారు. ఇందులో తప్పు పరిశోధనది కాదు. బీమా నుంచి ఏం ఆశించాలన్నది విలువలకు సంబంధించిన ప్రశ్న. ఏ కొలతను మొదట పెట్టాలో, ఏది చివర పెట్టాలో పరిశోధకుడు నిర్ణయించుకున్నప్పుడే ఆ విలువల్లో ఒక పక్షం తీసుకున్నట్టు లెక్క. దీన్ని దాచకుండా చెప్పడం డాక్టరేట్ స్థాయి పనికి ఉండాల్సిన లక్షణం.

కాబట్టి పనికొచ్చే ప్రశ్న ఇలా కుంచించుకుపోతూ వస్తుంది: బీమా నుంచి ఏదైనా ఒక్క పథకానికి, పథకం నుంచి అందులో మారిన ఒక నిబంధనకు, నిబంధన నుంచి అది తాకిన ఒక వర్గానికి, ఆ వర్గం నుంచి కొలవగలిగే లేదా గమనించగలిగే ఒక మార్పుకు. ఇంతగా కుంచించాక ప్రశ్న చిన్నబోయిందని విద్యార్థులు దిగులు పడతారు. నిజానికి ఆ దశలోనే దానికి పదును వస్తుంది. ‘ప్రైవేటు ఆసుపత్రులకు చెల్లింపు ప్యాకేజీ ధర మారినప్పుడు, గర్భసంచి తొలగింపు శస్త్రచికిత్సల సంఖ్య ఎలా మారింది’ అన్న ప్రశ్నకు జవాబు వెతికితే చెల్లింపు పద్ధతి, వైద్యుల ప్రోత్సాహకాలు, స్త్రీల ఆరోగ్యం, నియంత్రణ లోపాలు అన్నీ ఆ ఒక్క కన్నం గుండా కనిపిస్తాయి. పెద్ద ప్రశ్న నుంచి బయలుదేరితే వీటిలో ఒక్కదాన్నీ దగ్గరగా చూసే వీలుండదు.

ప్రశ్న కుదిరినా విధానం ఒకచోట నిలవదు. మెక్సికో అనుభవం ఈ విషయంలో గొప్ప పాఠం. ఉద్యోగ బీమా లేని కోట్లాది మందికి రక్షణ కల్పించేందుకు ఆ దేశం 2003లో చట్టం చేసి, మరుసటి ఏడాది నుంచి ‘సెగురో పాపులర్’ పథకాన్ని విస్తరించింది. విస్తరణ ఎలాగూ దశలవారీగానే జరగాల్సి ఉండటంతో, జతలుగా పోల్చిన ప్రాంతాల్లో దేనికి ముందు అందించాలో యాదృచ్ఛికంగా తేల్చే ఏర్పాటుకు ప్రభుత్వమే ఒప్పుకుంది. పది నెలల తర్వాతి ఫలితాలు 2009లో వెలువడ్డాయి: కుటుంబాన్ని కుంగదీసే స్థాయి వైద్య ఖర్చుల్లో 23 శాతం తగ్గుదల, సేవల వాడకంలో, ఆరోగ్య ఫలితాల్లో చెప్పుకోదగ్గ మార్పు లేదు. పది నెలలు ఆరోగ్యం మెరుగుపడటానికి సరిపోతుందా అన్న చర్చ ఆనాడే మొదలైంది. ఆ పథకం మీద అధ్యయనాలు కొనసాగుతుండగానే 2020 ఆరంభంలో ప్రభుత్వం దాన్ని రద్దు చేసి మరో సంస్థను తెచ్చింది. 2023లో ఆ సంస్థనూ మూసివేసింది. మధ్యలో ప్రవేశం తీసుకున్న విద్యార్థి పరిస్థితి ఊహించుకోవచ్చు: ప్రతిపాదన రాసేనాటికి ఉన్న పథకం, డేటా చేతికొచ్చేనాటికి మారింది, వ్యాసం సమర్పించేనాటికి లేదు.

అలాగని ఆ పని వృథా అయిపోదు, ప్రశ్నను సరిగా పెట్టుకుని ఉంటే. ‘సెగురో పాపులర్ విజయవంతమైందా’ అన్న ప్రశ్న పథకంతోపాటే పోతుంది. ‘ఖర్చు భారం తగ్గినా సేవల వాడకం ఎందుకు పెరగలేదు’ అన్న ప్రశ్న ఉంటుంది, ఎందుకంటే ఆ చిక్కు ఇతర దేశాల్లోనూ ఎదురవుతుంది. యుగాండాలో దీనికి తిరగేసిన కథ నడిచింది. 2001లో, అధ్యక్ష ఎన్నికల సమయంలో, ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో రుసుములు రద్దు చేశారు. వాడకం, ముఖ్యంగా పేదల్లో, పెరిగింది. కానీ పేద కుటుంబాలను కుంగదీసే ఖర్చులు తగ్గలేదు. కేంద్రాల్లో మందులు అయిపోతే రోగులు బయట కొనుక్కోవాల్సి రావడం అందుకు ఒక బలమైన వివరణగా ముందుకొచ్చింది. మెక్సికోలో ఖర్చు తగ్గింది, వాడకం పెరగలేదు. యుగాండాలో వాడకం పెరిగింది, ఖర్చు తగ్గలేదు. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి, ఏ కార్యకారణ యంత్రాంగం ఎక్కడ తెగిందో వివరించగల వాదన ఏ పథకం పోయినా నిలబడుతుంది.

ఇక డేటా. వ్యవస్థల పరిశోధకులు సాధారణంగా తమ కోసం సేకరించని సమాచారంతో పనిచేస్తారు: కేంద్రాల నెలవారీ నివేదికలు, బీమా క్లెయిములు, గృహ సర్వేలు, బడ్జెట్ పత్రాలు. ఒక కేంద్రం నివేదికలో జనవరిలో 38 కాన్పులు, ఫిబ్రవరిలో 41, మార్చిలో సున్నా, ఏప్రిల్‌లో 83 అని ఉన్నాయనుకుందాం. గ్రాఫ్ గీస్తే మార్చిలో కుప్పకూలి, ఏప్రిల్‌లో ఉప్పొంగిన కేంద్రంలా కనిపిస్తుంది. ఏప్రిల్ ఒకటిన కొత్త ప్రోత్సాహక పథకం మొదలై ఉంటే, ఆ ఎగుడు మొత్తం పథకం ఖాతాలో పడిపోతుంది. కేంద్రానికి వెళ్లి కాన్పుల రిజిస్టరు తిప్పితే, మార్చి నివేదిక వేళకు వెళ్లలేదనీ, రెండు నెలల లెక్కా కలిపి ఏప్రిల్‌లో పంపారనీ, ఖాళీగా ఉన్న గడిని కంప్యూటరు సున్నాగా చూపిందనీ తేలుతుంది. రక్తపోటు రిజిస్టరులో వరసగా 120/80, 130/80, 140/90 అని గుండ్రటి అంకెలే కనిపిస్తే కొలిచినవారు దగ్గరలోని పదికి సర్ది రాశారని అర్థం; అధిక రక్తపోటుకు 140ని హద్దుగా పెట్టుకున్న విశ్లేషణలో ఈ సర్దుబాటు రోగుల సంఖ్యనే మార్చేస్తుంది. గణాంక పద్ధతి ఎంత పకడ్బందీగా ఉన్నా రిజిస్టరును చూడని పరిశోధకుడికి ఈ సంగతులు తెలిసే అవకాశం లేదు. పరిమాణాత్మక అధ్యయనం చేసేవారు సైతం కొన్ని వారాలపాటు కేంద్రాల్లో కూర్చుని లెక్కలు ఎలా పుడుతున్నాయో చూడటాన్ని ప్రతిపాదనలోనే చేర్చుకోవాలి. పర్యవేక్షకులు దీన్ని చాలాసార్లు అదనపు శ్రమగా చూస్తారు. అది సరికాదు.

అంకెలకు డబ్బు ముడిపడినప్పుడు ఈ చిక్కు ఇంకా ముదురుతుంది. సేవల సంఖ్యను బట్టి కేంద్రాలకు చెల్లించే పథకాల్లో, పథకం మొదలైన నెల నుంచీ రెండు మార్పులు ఒకేసారి వస్తాయి: సేవలు పెరగడం, ఉన్న సేవలనే మరింత శ్రద్ధగా నమోదు చేయడం. ఈ రెంటినీ వేరు చేయాలంటే రిజిస్టరుకు బయట ఒక ఆధారం కావాలి, ఉదాహరణకు ఇంటింటి సర్వేలో తల్లులు చెప్పిన లెక్క. కొన్ని అధ్యయనాల అసలు విలువ తేల్చిన ఫలితంలో కాదు, ఈ వేర్పాటును నిజాయితీగా చేయడంలోనే ఉంటుంది.

గుణాత్మక అధ్యయనంలో సమస్య వేరే తలుపు నుంచి వస్తుంది. ఇక్కడ పరిశోధకుడు అధికారం ఉన్నవారిని ప్రశ్నించాలి. ‘ఈ విధానం ఫలితాలిచ్చిందా’ అని ఒక జిల్లా అధికారిని అడిగితే వచ్చే జవాబు ప్రభుత్వ ఉత్తర్వు భాషలోనే ఉంటుంది. ‘పోయిన నెల మందులు నిండుకున్నప్పుడు మొదట ఎవరికి ఫోన్ చేశారు, వారేమన్నారు, ఆ తర్వాత ఏం చేశారు’ అని అడిగితే నిర్ణయాలు నిజంగా ఎలా జరుగుతాయో బయటికొస్తుంది. అసలు మాట చాలాసార్లు రికార్డర్ ఆపాక, తలుపు దాకా సాగనంపుతూ చెబుతారు. దాన్ని వాడుకోవచ్చా? ఇచ్చిన సమ్మతి రికార్డు చేసిన సంభాషణకే పరిమితమైతే వాడకూడదు. సమ్మతి పత్రంలో క్షేత్ర పరిశీలన గురించి ముందే రాసి ఉంటే, పేరు, హోదా తెలియకుండా వాడే దారి ఉండొచ్చు. ఇది నైతిక సమీక్షా సంఘం ముందు తలెత్తాల్సిన ప్రశ్న, తలుపు దగ్గర అప్పటికప్పుడు తేల్చుకునేది కాదు. పైగా ఒక దేశంలో ఆరోగ్య బీమా విభాగాధిపతి ఒక్కరే ఉంటారు. పేరు తీసేసి ‘సీనియర్ అధికారి’ అని రాసినా చదివేవారు పోల్చుకుంటారు. వైద్య పరిశోధనల కోసం రూపొందిన గోప్యతా నియమాలు ఇలాంటి సందర్భానికి సరిగ్గా అమరవు.

అధికారులతోపాటు కింది స్థాయి సిబ్బంది మాట వినడం ఈ రంగం నేర్చుకున్న ముఖ్యమైన అలవాటు. పై నుంచి వచ్చిన విధానాన్ని రోజువారీ పనిలో తమకు వీలైనట్టు మలచుకునే ఉద్యోగులే నిజానికి ఆ విధానాన్ని తయారుచేస్తారని అమెరికా రాజనీతి శాస్త్రవేత్త మైకేల్ లిప్‌స్కీ 1980లో వాదించారు. దక్షిణాఫ్రికా 1994లో గర్భిణులకు, ఆరేళ్లలోపు పిల్లలకు, 1996లో ప్రాథమిక సేవలన్నింటికీ రుసుములు తొలగించినప్పుడు, నర్సులతో జరిపిన అధ్యయనం ఈ చూపు విలువను రుజువు చేసింది. పేదలకు మేలు జరిగిందని నర్సులు సంతోషించారు. తమను ఒక్క మాటైనా అడగకుండా నిర్ణయం తీసుకుని, పెరిగిన పనిభారాన్ని తమ మీదే వేశారని నొచ్చుకున్నారు. ఒకే మనిషిలో ఆమోదమూ, ఆగ్రహమూ కలిసి ఉన్నాయి. అనుకూలమా, వ్యతిరేకమా అని గడులు పెట్టిన ప్రశ్నావళిలో ఈ సంగతి పట్టదు.

దేశాలను పోల్చాలన్న ఉత్సాహానికీ కొంత కళ్లెం వేసుకోవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2000 నివేదికలో 191 సభ్య దేశాల ఆరోగ్య వ్యవస్థలను వరుస క్రమంలో పేర్చి ఫ్రాన్స్‌ను మొదటి స్థానంలో నిలిపింది. చాలా దేశాలకు నేరుగా కొలిచిన సమాచారం లేక అంచనాలతో లెక్క కట్టడం, వేర్వేరు లక్ష్యాలను ఒకే అంకెలోకి కుదించడం తీవ్ర విమర్శకు గురయ్యాయి. అలాంటి ర్యాంకుల జాబితాను ఆ సంస్థ మళ్లీ వేయలేదు. పోల్చదగినది దేశాన్ని కాదు, రెండు చోట్లా ఉన్న ఒక యంత్రాంగాన్ని. ఇద్దరు ముగ్గురు పరిశోధకులకు సరిపడే పనిని మూడు దేశాల పోలిక పేరుతో ఒక్కరే నెత్తికెత్తుకున్నప్పుడు సాధారణంగా రెండో దేశం అధ్యాయం పలచబడుతుంది, మూడోది పేరుకే మిగులుతుంది.

ఏ రూపంలో డాక్టరేట్ చేయాలన్న విషయంలో దేశాలవారీగా తేడాలున్నాయి. అమెరికాలో మొదటి రెండేళ్లూ ఎక్కువగా తరగతులు, ఆపై అర్హత పరీక్ష, తర్వాతే సిద్ధాంత వ్యాసం. బ్రిటన్‌లో తరగతులు తక్కువ. మొదటి నెల నుంచీ పరిశోధనే, మధ్యలో ఒక మదింపు, చివర ఇద్దరు పరీక్షకులతో మూసిన గదిలో వైవా. స్వీడన్‌లో ప్రచురించిన లేదా ప్రచురణకు సిద్ధమైన కొన్ని పత్రాలకు ముందు ఒక సారాంశం రాసి, బహిరంగ సభలో ప్రత్యర్థిగా నియమితులైన పండితుడికి జవాబు చెప్పాలి. పద్ధతుల్లో పునాది బలహీనంగా ఉన్నవారికి మొదటి దారి నయం. స్పష్టమైన ప్రశ్నతో వచ్చినవారికి రెండోది కాలం ఆదా చేస్తుంది.

పీహెచ్‌డీకి పక్కన డీఆర్‌పీహెచ్ (డాక్టర్ ఆఫ్ పబ్లిక్ హెల్త్) అనే మరో పట్టా ఉంది. ఇది ప్రజారోగ్యంలో ఇప్పటికే పనిచేస్తూ నాయకత్వ స్థానాలకు వెళ్లదలచినవారి కోసం ఉద్దేశించింది. సిద్ధాంతానికి కొత్త చేర్పు కన్నా ఆచరణలోని సమస్యను పరిశోధన పద్ధతులతో పరిష్కరించడం మీద దృష్టి పెడుతుంది. విశ్వవిద్యాలయంలో ఆచార్యులుగా స్థిరపడాలనుకునేవారికి పీహెచ్‌డీయే మేలైన దారి. మంత్రిత్వ శాఖలోనో, పెద్ద ప్రజారోగ్య సంస్థలోనో పదేళ్ల అనుభవంతో వచ్చి, తిరిగి అక్కడికే వెళ్లదలచినవారికి డీఆర్‌పీహెచ్‌ను తక్కువగా చూడాల్సిన పని లేదు. చూసేవారు మాత్రం ఇంకా ఉన్నారు.

పత్రాల సంకలనంగా సమర్పించడమా, ఒకే గ్రంథంగా రాయడమా అన్నది మరో ఎంపిక. పత్రాలు ఉద్యోగ దరఖాస్తుకు పనికొస్తాయి, పరిశోధన మధ్యలోనే సమీక్షకుల నుంచి విమర్శ అందుతుంది. కానీ విధాన విశ్లేషణకు, ముఖ్యంగా ఒక చట్టం ఎలా పుట్టిందో ఏళ్ల తరబడి వెనక్కి వెళ్లి తవ్వే అధ్యయనానికి, మూడు నాలుగు వేల పదాల పత్రం చాలా ఇరుకు. అలాంటి పనికి గ్రంథ రూపమే న్యాయం చేస్తుంది.

గైడ్ ఎంపికలో పేరు ప్రఖ్యాతుల కన్నా రెండు విషయాలు ఎక్కువ తేడా తెస్తాయి. ఒకటి, ఆయన లేదా ఆమె దగ్గర చేరిన విద్యార్థులు సమయానికి పూర్తి చేశారా అన్నది. దీనికి జవాబు ఆ విద్యార్థులే చెప్పగలరు, అడిగితే చెబుతారు కూడా. రెండు, అధ్యయనం జరిగే చోట ప్రవేశం ఇప్పించగల సంబంధాలు వారికి ఉన్నాయా అన్నది. రెండోదానికి ఒక వెల ఉంది. మంత్రిత్వ శాఖకు సలహాదారుగా ఉన్న గైడ్ తలుపులు తెరవగలరు. ఆ శాఖ పథకం విఫలమైందని తేలిన అధ్యాయం మీద అదే గైడ్ నుంచి మెత్తటి ఒత్తిడి రావచ్చు. డేటా ఇచ్చే సంస్థ ప్రచురణకు ముందు తమ ఆమోదం తీసుకోవాలని ఒప్పందంలో కోరడం కూడా మామూలే. ప్రచురణకు ముందు చూసే అవకాశం ఇవ్వొచ్చు గానీ ఆపే హక్కు ఇవ్వకూడదన్న మాట మొదటి సంతకానికి ముందే రాతలో ఉండాలి. రెండో ఏడాదిలో డేటా చేతికొచ్చాక ఈ బేరం ఆడే స్థితిలో విద్యార్థి ఉండరు.

సంపన్న దేశపు విశ్వవిద్యాలయంలో నమోదై, పేద దేశంలో క్షేత్ర పరిశోధన చేసే ఏర్పాటు ఈ రంగంలో సర్వసాధారణం. అక్కడి పరిశోధకులు అనుమతులు తెచ్చి, ఇంటర్వ్యూలు అనువదించి, చివరికి కృతజ్ఞతల పేరాలో మాత్రమే మిగలడం అంతకన్నా సాధారణం. విధాన పరిశోధనలో ఇది మర్యాదకు మించిన లోపం. ఒక ఉత్తర్వు ఎవరిని ఉద్దేశించి ఆ పదాలతో వచ్చిందో, సమావేశంలో ఎవరి మౌనానికి ఏ అర్థముందో ఆ వ్యవస్థ లోపలి మనిషికే ముందుగా తెలుస్తుంది. ఆ తెలివిడిని విశ్లేషణలో భాగస్వామిగా కాక సేకరణలో సహాయంగా వాడుకున్నప్పుడు తప్పుడు వివరణలు నిలిచిపోతాయి. విదేశీ విశ్వవిద్యాలయంతోపాటు స్థానిక సంస్థ నుంచి రెండో పర్యవేక్షకుడిని అధికారికంగా నియమించుకునే వీలు ఉన్నచోట దాన్ని వదులుకోకూడదు.

పట్టా తర్వాత దారులు పలు రకాలు: విశ్వవిద్యాలయాలు, ఆరోగ్య మంత్రిత్వ శాఖలు, బీమా సంస్థలు, ప్రపంచ ఆరోగ్య సంస్థ, ప్రపంచ బ్యాంకు, సలహా సంస్థలు. బోధన ఉద్యోగాలు పట్టభద్రుల సంఖ్యకు సరిపడా లేవు కాబట్టి చాలామంది చివరికి ప్రభుత్వాలకో, వాటికి సలహా ఇచ్చే సంస్థలకో దగ్గరగా పనిచేస్తారు. అక్కడ గడువులు వారాల్లో ఉంటాయి. సిద్ధాంత వ్యాసంలో మూడో అధ్యాయం రాయడానికి ఏడాది పట్టినవారిని, అదే విషయం మీద శుక్రవారంలోగా రెండు పేజీల నివేదిక ఇవ్వమంటారు. దానిలో ఎంత నిశ్చయంగా చెప్పవచ్చో, ఎక్కడ ఆగాలో తేల్చాల్సింది కూడా వారే. ఏ డేటా ఏ ప్రశ్నకు జవాబివ్వదో రిజిస్టర్ల దగ్గర నేర్చుకున్నవారికి ఆ రెండు పేజీలు కొంత తేలిక. పద్ధతులు మాత్రమే నేర్చుకుని వచ్చినవారు ఆ వారంలో ఎక్కువ భాగం ఏ మోడల్ వాడాలన్న ఆలోచనలోనే గడిపేస్తారు.